జరీ గౌనులో పాపి విలాపం

1544 ఫిబ్రవరిలో స్పెయిన్‌కు చెందిన నాజెరా డ్యూక్ లండన్‌లో ఇంగ్లండ్ రాణిని దర్శించుకున్నాడు. ఆయన వెంట పెడ్రో డి గాంటే అనే కార్యదర్శి ఉన్నాడు. చూసిందల్లా రాసిపెట్టుకునే మనిషి. రాణిగారి రూపం గురించి అతను ఒక్క మాటలో తేల్చేశాడు: ముఖంలో కళ ఉంది, చూడముచ్చటగా ఉంది, గుణవంతురాలని అందరూ అంటున్నారు. బట్టల దగ్గరకు వచ్చేసరికి మాత్రం కలం ఆగలేదు. బంగారు జరీ గౌను, లోపల బ్రొకేడ్ పావడా, ఎర్ర శాటిన్ లైనింగు వేసిన చేతులు, వాటి అంచున మందపాటి ఎర్ర మఖమలు, వెనక రెండు గజాలకు మించి నేల మీద జీరాడే కొంగు. మెడలో రెండు సిలువలు, వాటితోపాటు ఖరీదైన వజ్రాల పతకం. తలకట్టులో ఇంకొన్ని వజ్రాలు. ఆ రోజు ఒంట్లో బాగా లేకపోయినా అతిథి కోసం ఆమె చక్కగా నాట్యం కూడా చేసింది.

మరుసటి ఏడాది, 1545లో, అదే రాణి పేరుతో లండన్‌లో ఓ చిన్న ప్రార్థనల పుస్తకం అచ్చయింది. ఇంగ్లండ్‌లో ఒక స్త్రీ తన పేరు పెట్టుకుని ఇంగ్లిష్‌లో అచ్చు వేయించిన మొదటి పుస్తకం అదేనంటారు. థామస్ ఎ కెంపిస్ రాసిన 'క్రీస్తు అనుకరణ' నుంచి ఏరి, తన పద్ధతిలో కూర్చుకున్న ప్రార్థనలే అందులో ఎక్కువ. లోకభోగాల మీద మనసు పోనీయొద్దని, తనలో తనదంటూ గొప్పేమీ లేదని, ప్రభువే దిక్కని పుస్తకమంతా వేడుకోలు. 1547 నవంబరులో ఆమె పేరుతో ఇంకో పుస్తకం వచ్చింది. దానికి పెట్టిన పేరు 'పాపి విలాపం'.

పాపినని ఏడ్చే మనిషికి రెండు గజాల జరీ కొంగు ఎందుకు?

ఎనిమిదో హెన్రీ ఆరో భార్య కేథరిన్ పార్ గురించి ఈ ప్రశ్న అడగడం సులువే. కపటం అని కొట్టిపారేయడం ఇంకా సులువు. కానీ ఆమె కాలంలో యూరప్‌ను నిలువునా చీల్చిన తగువులో ఇదే అసలు ముడి. మనిషి పైకి చేసేవి, పైన వేసుకునేవి, నోటితో అనేవి దేవుడి ముందు ఎంత వరకు లెక్కకు వస్తాయి? ఉపవాసాలు, తీర్థయాత్రలు, కొవ్వొత్తులు, జపమాలలు ఎవరినీ రక్షించవనీ, విశ్వాసం ఒక్కటే రక్షిస్తుందనీ సంస్కరణవాదులు అన్నారు. మంచిది. పైకి కనిపించేది రక్షించలేనప్పుడు, పైకి కనిపించేది మనిషిని నరకానికైనా పంపగలదా? మఖమలు గౌను సంగతి ఇక్కడ తేలిగ్గానే తెమిలిపోవచ్చు. ప్రాణభయంతో అన్న మాట సంగతి అంత తేలిగ్గా తెమలదు.

కేథరిన్ 1512లో పుట్టింది. తండ్రి థామస్ పార్ రాజాస్థానంలో ఉద్యోగి, ఆమెకు ఐదేళ్ల వయసులోనే పోయాడు. తల్లి మాడ్, హెన్రీ మొదటి భార్య కేథరిన్ ఆఫ్ ఆరగాన్ పరివారంలో స్త్రీ. పదిహేడో ఏట మొదటి పెళ్లి, నాలుగేళ్లకే వైధవ్యం. రెండో భర్త లాటిమర్ ప్రభువుది యార్క్‌షైర్‌లోని స్నేప్ కోట. 1536లో మఠాలు మూసేస్తున్నందుకు ఉత్తరాది ప్రజలు తిరగబడినప్పుడు, ఆ తిరుగుబాటుదారులు లాటిమర్‌ను తమ నాయకుల్లో ఒకడిగా నిలబెట్టారు. ఇష్టపడి వెళ్లాడా, మెడ మీద కత్తి పెడితే వెళ్లాడా అని రాజు మనుషులు అడిగారు. ఆయన లండన్‌కు వెళ్లి సంజాయిషీ చెప్పుకునే లోపు, 1537 జనవరిలో, రాజు పక్షానికి ఫిరాయించాడన్న అనుమానంతో అదే తిరుగుబాటు మూక స్నేప్ కోటలో చొరబడి కేథరిన్‌నూ సవతి పిల్లల్నీ నిర్బంధించింది. అటు రాజుకు ద్రోహి, ఇటు జనానికి ద్రోహి. లోపల ఏముందో ఎవరికీ కనబడదు కాబట్టి పైకి కనిపించేదాన్ని బట్టే తలలు తెగుతాయన్న పాఠం ఆమెకు ఇరవై నాలుగేళ్లకే, ఇంటి గుమ్మంలోనే అందింది. మతం మీద ఆమె తర్వాత రాసినవన్నీ ఈ నేపథ్యంలో చదవాల్సినవి.

1543 మార్చిలో లాటిమర్ పోయాడు. జూలై 12న హాంప్టన్ కోర్టులో రాజుతో పెళ్లి జరిగింది. జరిపించినవాడు వించెస్టర్ బిషప్ స్టీఫెన్ గార్డినర్. ఈ పేరు మళ్లీ వస్తుంది.

అందగత్తె కాబట్టి రాజు మనసు పడ్డాడని అనుకోవడానికి ఆధారాలు తక్కువ. హెన్రీ నాలుగో భార్య, అతనితో పెళ్లి రద్దయిన ఆన్ ఆఫ్ క్లీవ్స్, ఈ పెళ్లి కబురు విని చిన్నబుచ్చుకుందని రాయబారి షాపుయీ రాశాడు. కొత్త రాణి అందంలో తనకు సాటిరాదని, పైగా ఇద్దరు భర్తలు పోయినా కడుపు పండలేదని ఆన్ బాధట. ఈ లెక్కన కేథరిన్ దగ్గర రాణి అనిపించుకోవడానికి ఉన్న సొమ్ము ఏమిటి? పుట్టుకతో రాజకుమారి కాదు. పట్టాభిషేకం జరగలేదు. వారసుణ్ణి కనలేదు. అంతకుముందు ఆ స్థానంలో ఉన్న ఐదుగురిలో ఇద్దరి తలలు తెగాయి. మిగిలింది బట్టలు, నగలు, నడక, మాట. ఆమె వాటిని ఉద్యోగం చేసినంత శ్రద్ధగా చూసుకుంది. తన పరివారానికి ఎర్ర బట్టల యూనిఫాం కుట్టించింది. తనకు చెప్పులు డజన్ల లెక్కన తెప్పించుకుంది. గదుల్లో రోజూ తాజా పూలు, పరిమళాలు. 1544 వేసవిలో హెన్రీ ఫ్రాన్స్ మీద యుద్ధానికి బూలోన్ వెళ్లినప్పుడు దేశం ఆమె చేతుల్లో పెట్టి వెళ్లాడు. కాగితాల మీద ఆమె సంతకం 'రాణి కేథరిన్' అని ఉంటుంది, చివర 'కె.పి.' అన్న రెండు పుట్టింటి అక్షరాలు. ఆ అక్షరాలను ఆమె చివరిదాకా వదల్లేదు.

బట్టలకూ నగలకూ ఉన్న బలం ఎంతటిదో చెప్పే సంగతి ఒకటుంది. లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ 1965లో ఒక నిలువెత్తు చిత్రం కొన్నది. తివాచీ మీద నిలబడ్డ ఒక స్త్రీ, వెండి జరీ మెరిసే గౌను, వెడల్పాటి చేతులు. చాలా ఏళ్లు అది లేడీ జేన్ గ్రే బొమ్మ అనే పేరుతో వేలాడింది. 1996లో చరిత్రకారిణి సూసన్ జేమ్స్ ముఖాన్ని వదిలేసి నగల్ని చూసింది. రొమ్ము మీద కిరీటం ఆకారపు తల ఉన్న ఒక పతకం ఉంది. కేథరిన్ పార్ నగల జాబితాలో అదే పతకం నమోదై ఉంది. బొమ్మ పేరు మారిపోయింది. నాలుగు శతాబ్దాల తర్వాత ఆ మనిషిని గుర్తుపట్టించింది ముఖం కాదు, నగ.

ఇక అసలు శరీరం సంగతి. 1782లో గ్లోస్టర్‌షైర్‌లోని సూడ్లీ కోట దగ్గర, పాడుబడ్డ చాపెల్ ఉన్న భూమిని కౌలుకు తీసుకున్న జాన్ లూకాస్‌కు నేలలో ఒక సీసపు పెట్టె తగిలింది. విప్పి, మైనపు గుడ్డ కొంత కోసి చూస్తే ఒక చేయి మీద కండ తెల్లగా, ఇంకా తడిగా ఉంది. కేథరిన్‌ను పాతిపెట్టి అప్పటికి 234 ఏళ్లయింది. ఆ తర్వాత పదేళ్లపాటు చూడాలనుకున్న వాళ్లంతా ఆ పెట్టె తెరిచారు, జుట్టు కత్తిరించుకుపోయారు. ఆ ఎర్రటి గోధుమరంగు పాయ ఒకటి సూడ్లీలో ఇప్పటికీ చూపిస్తారు. పాత కాలపు భక్తులు పునీతుల ఎముకల కోసం ఎగబడితే నవ్విన ప్రొటెస్టంట్ దేశంలో ఒక ప్రొటెస్టంట్ రాణి వెంట్రుకల కోసం పడ్డ తాపత్రయం ఇది.

సరే, పాపి విలాపానికీ పట్టుబట్టలకూ పొత్తు ఎలా కుదిరింది?

పేతురు రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయం తెలుగు క్రైస్తవులకు బాగా తెలిసినదే. జడలు అల్లుకోవడం, బంగారు నగలు పెట్టుకోవడం, విలువైన వస్త్రాలు కట్టుకోవడం కాదు అలంకారమంటే, లోపలి హృదయ స్వభావమే అలంకారం అంటుంది అది. ఆ మాటను అక్షరాలా పట్టుకుని ఒంటి మీద బంగారం తీసేసి తెల్లచీర కట్టుకునే స్త్రీలు తెలుగునాట కొన్ని సంఘాల్లో నేటికీ ఉన్నారు. అయితే ఆ అధ్యాయం మొదలయ్యేది నగలతో కాదు. భార్యలారా, మీ భర్తలకు లోబడండి అన్న మాటతో. నగ, లోబాటు రెండూ ఒకే ఊపిరిలో వస్తాయి. కేథరిన్ జీవితమంతా ఆ రెంటి మధ్యే నడిచింది.

'పాపి విలాపం' చదివితే ఆశ్చర్యం కలిగేది ఇక్కడే. స్త్రీలు పౌలు దగ్గర నేర్చుకోవాలని, భర్తలకు లోబడాలని, సంఘంలో మౌనంగా ఉండాలని, తెలియనివి ఇంట్లో భర్తల్ని అడిగి తెలుసుకోవాలని అందులో ఆమే రాసింది. పవిత్రతకు తగినట్టు, అణకువగా బట్టలు కట్టుకోవాలని కూడా రాసింది. రాసింది ఎవరు? సంఘానికంతటికీ వినబడేలా పుస్తకం అచ్చు వేయించిన స్త్రీ. అల్మారాల్లో ఎర్ర మఖమలు ఉన్న స్త్రీ. దీన్ని కపటం అనే ముందు ఆమె కాలపు చట్టం ఒకటి చూడాలి. 1543లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం సామాన్య స్త్రీలు బైబిల్ చదవరాదు. కులీన స్త్రీలు చదువుకోవచ్చు, కానీ ఒంటరిగా, తమలో తాము. రాణిగారి గదుల్లో మాత్రం ఆస్థాన స్త్రీలు కూడి వాక్యం వినేవాళ్లు, చర్చించేవాళ్లు. మౌనంగా ఉండమని రాసిన వాక్యం ఆ గదికి తలుపు. దాని వెనక ఏం జరిగిందన్నది వేరు.

ఆ తలుపు 1546 వేసవిలో విరగబోయింది.

లింకన్‌షైర్ నుంచి వచ్చిన ఆన్ ఆస్క్యూకు అప్పటికి పాతికేళ్లు. ప్రభు భోజనంలోని రొట్టె నిజంగా క్రీస్తు శరీరంగా మారుతుందన్న మాటను ఆమె ఒప్పుకోలేదు. 1539 నాటి ఆరు నిబంధనల చట్టం ప్రకారం దానికి శిక్ష మంటలే. అయితే ఆమెను విచారించిన వాళ్లకు ఆమె ప్రాణం కన్నా ఆమె నోటి నుంచి వచ్చే పేర్లు కావాలి. జైల్లో నీకు డబ్బు పంపింది ఎవరు? రాణి చుట్టూ ఉండే ఏ స్త్రీలు నీ మతం వాళ్లు? ఆన్ చెప్పింది ఇంతే: నీలం కోటు వేసుకున్న ఒకతను పది షిల్లింగులు ఇచ్చి హర్ట్‌ఫర్డ్ ప్రభువు భార్య పంపిందన్నాడు. ఊదారంగు కోటు వేసుకున్న ఇంకొకతను ఎనిమిది షిల్లింగులు ఇచ్చి డెన్నీ గారి భార్య పంపిందన్నాడు. నిజమో అబద్ధమో నాకు తెలియదు. ఆమె సాక్ష్యంలో మిగిలింది రెండు కోట్ల రంగులు. దానికి టవర్‌లో ఆమెను చేతులూ కాళ్లూ సాగదీసే యంత్రం మీద పడుకోబెట్టారు. జైలు అధికారి ఇక నావల్ల కాదంటే, ఛాన్సలర్ రియోథెస్లీ, రిచర్డ్ రిచ్ స్వయంగా చక్రాలు తిప్పారు. ఆమె ఇంకేమీ చెప్పలేదు. జూలై 16న స్మిత్‌ఫీల్డ్‌కు తీసుకెళ్లినప్పుడు నడవలేక కుర్చీలో మోసుకెళ్లాల్సి వచ్చింది. అక్కడే కాల్చేశారు.

ఆ రోజుల్లోనే రాణి వంతు వచ్చింది. ఈ ఉదంతం అమరవీరుల చరిత్ర రాసిన జాన్ ఫాక్స్ 1570 నాటి కూర్పులో ఉంది. 1563 నాటి మొదటి కూర్పులో లేదు. హెన్రీకి కాలిపుండు ముదిరి మంచం దిగలేని స్థితి. కేథరిన్ వచ్చి కూర్చుని మతం గురించి మాట్లాడేది, మతసంస్కరణ ఆపకండని పోరుపెట్టేది. ఒక రోజు రాజుకు చిరాకు పుట్టింది. ముసలితనంలో పెళ్లాం చేత పాఠాలు చెప్పించుకునే గతి పట్టిందని విసుక్కున్నాడు. పక్కనే ఉన్న బిషప్ గార్డినర్, పెళ్లి జరిపించిన ఆ గార్డినరే, సందు దొరికిందని రాణి మీద అభియోగాల పత్రం తయారు చేయించాడు. రాజు సంతకం కూడా పడింది. ఆ కాగితం ఒకడి చేతిలోంచి జారి, రాణికి అందింది. చదివి ఆమె భయంతో మంచం పట్టింది. తర్వాత లేచి, ముస్తాబై, రాత్రి వేళ రాజు గదికి వెళ్లింది.

హెన్రీ మళ్లీ మతం మాటే ఎత్తాడు. కేథరిన్ తగ్గింది. ఆడదాన్ని, నా తలపై దేవుడు పెట్టిన తల మీరే, మీకు నేర్పేదాన్నా, మీ దగ్గర నేర్చుకోవాలి కానీ అంది. అది కాదు, నువ్వు పెద్ద పండితురాలివైపోయావు అన్నాడు రాజు. నొప్పి మరిచిపోతారని వాదించాను, మీ జవాబులు విని నేర్చుకోవాలని వాదించాను అంది. అంతే, రాజు కరిగిపోయాడు. మర్నాడు తోటలో ఇద్దరూ ఉండగా రియోథెస్లీ నలభై మంది భటులతో రాణిని పట్టుకుపోవడానికి వచ్చాడు. హెన్రీ అతన్ని వెధవ, పశువు అని తిట్టి తరిమేశాడు. ఈ మనుషులు ఎంత నాటకంలో బతికారో చూడండి. పాపం, ఆ ఛాన్సలర్‌కు రాత్రి జరిగిన రాజీ ఎవరూ చెప్పలేదు.

ఒక స్త్రీ వంగలేదు, కాలిపోయింది. ఇంకొకరు వంగారు, బతికారు. విశ్వాసం ఎవరిది?

ఈ ప్రశ్న ఆ రోజుల్లో యూరప్ అంతా వినబడుతూనే ఉంది. లోపల సంస్కరణవాదులైనా పైకి పాత పూజకు హాజరయ్యే వాళ్లను ఎండగడుతూ జాన్ కాల్విన్ 1544లో ఒక పుస్తకం రాశాడు. రాత్రిపూట చాటుగా యేసు దగ్గరికి వచ్చిన పరిసయ్యుడు నికొదేము పేరు చెప్పుకుని వాళ్లు తప్పించుకుంటున్నారని ఆయన కోపం. దేహం కూడా దేవుడిదే, దాన్ని విగ్రహం ముందు వంచి మనసు మాత్రం దేవుడికిచ్చానంటే కుదరదని వాదించాడు. నికొదేము చివరికి ఏం చేశాడో కూడా ఆయన గుర్తు చేశాడు. సిలువ వేసిన తర్వాత శిష్యులంతా పారిపోయాక, సుగంధద్రవ్యాలు మోసుకుని పట్టపగలు వచ్చినవాడు నికొదేమే.

కాల్విన్ తర్కంలో బలం ఉంది. కానీ జెనీవాలో కూర్చుని లండన్‌కు ఈ తర్కం పంపడం వేరు. పైగా కేథరిన్ కేసు ఆయన తిట్టిన వాళ్ల కేసు కాదు. ఆ రాత్రి ఆమె ఏ సిద్ధాంతాన్నీ వెనక్కి తీసుకోలేదు. రొట్టె గురించి ఒక్క మాట అనలేదు. వదులుకుంది గురువు పీటను, సిద్ధాంతాన్ని కాదు. భర్త దగ్గర నేర్చుకోండన్న పౌలు మాటను, తన నోరు నొక్కడానికి ఎదుటివాళ్లు వాడబోయిన ఆ మాటనే, తనకు డాలుగా పట్టుకుంది. ఆమె పిరికితనం ఇక్కడ లేదు. ఉంటే గింటే ఇంకోచోట ఉంది: ఆన్ కీళ్లు తప్పుతున్నప్పుడు రాణి గడప లోంచి ఒక్క మాటా బయటికి రాలేదు. మౌనం ఆన్‌ను రక్షించలేదు, ఆన్ మౌనం రాణిని రక్షించింది. వంగని స్త్రీ నోరు మూసుకోబట్టే వంగిన స్త్రీకి నోరు తెరిచి బుజ్జగించే వ్యవధి దొరికింది. ఇద్దరినీ చెరో పళ్లెంలో పెట్టి తూచే వాళ్లు ఈ సంగతి చూడరు. విచిత్రమేమంటే అమరుల జాబితాకే జీవితం ధారపోసిన ఫాక్స్ కూడా తప్పించుకున్న రాణి కథను మెచ్చుకుంటూనే రాశాడు.

'పాపి విలాపం' అచ్చయింది హెన్రీ 1547 జనవరిలో చనిపోయాకే. ముందుమాట విలియం సెసిల్‌ది. పుస్తకంలో హెన్రీని ఫరో చెర నుంచి ప్రజలను నడిపించిన మోషేతో పోల్చింది కేథరిన్. ఫరో అంటే పోపు. చనిపోయిన రాజుకు ఇంతకన్నా భారీ శాలువా కప్పడం కష్టం. అప్పటికి ఆమె నాలుగో పెళ్లి కూడా అయిపోయింది. రాజు రాకముందు తను మనసిచ్చిన థామస్ సేమోర్‌ను, రాజు పోయిన కొద్ది నెలలకే గుట్టుగా చేసుకుంది. మొదటిసారి గర్భం వచ్చింది. 1548 ఆగస్టు 30న సూడ్లీ కోటలో ఆడపిల్లను కని, బాలింత జ్వరంతో సెప్టెంబరు 5న పోయింది. వయసు 36.

అంత్యక్రియలు ఇంగ్లిష్‌లోనే, కొత్త పద్ధతిలో జరిగాయి. ప్రసంగించింది బైబిల్‌ను ఇంగ్లిష్‌లోకి తెచ్చిన మైల్స్ కవర్‌డేల్. ఆయనకు ఒక చిక్కు వచ్చింది. ఎదురుగా దివిటీలు వెలుగుతున్నాయి, కానుకలు వేస్తున్నారు. చూస్తే పాత మతంలాగే ఉంది. అందుకని ఆగి వివరించాడు: ఈ కానుకలు చచ్చిపోయిన ఆమెకు మేలు చేయడానికి కావు, బీదలకు. ఈ దీపాలు ఆమె గౌరవం కోసం, ఇంకే ఉద్దేశమూ లేదు. రాణి కాబట్టి దీపం ఉండాల్సిందే, ఆత్మకు మాత్రం దానితో పని లేదు. కేథరిన్ గౌనుకు కూడా ఈ వివరణే వర్తిస్తుంది.

ఆమె పెంపకంలో కొన్నాళ్లున్న సవతి కూతురు ఎలిజబెత్, ఆమె 1545 నాటి ప్రార్థనల్ని పన్నెండో ఏట మూడు భాషల్లోకి మార్చి, అట్టకు స్వయంగా ఎంబ్రాయిడరీ చేసి తండ్రికి కొత్త సంవత్సరం కానుకగా ఇచ్చింది. ఆ పిల్ల ప్రార్థనలతో పాటు ఇంకో విద్య కూడా పట్టేసింది. 1553లో కాథలిక్ అక్క మేరీ గద్దెనెక్కాక, ఎలిజబెత్ సెప్టెంబరులో మాస్ పూజకు వెళ్లింది, వెళుతూ దారిపొడవునా కడుపునొప్పని మూలిగింది. అక్క హయాంలో స్మిత్‌ఫీల్డ్‌లోనూ దేశమంతటా దాదాపు 280 మంది కాలిపోయారు. ఎలిజబెత్ మిగిలింది. 1558లో రాణి అయ్యాక ప్రొటెస్టంట్ చర్చిని నిలబెట్టింది కానీ, తన సొంత చాపెల్‌లో వెండి సిలువా కొవ్వొత్తులూ ఉంచుకుంది. బిషప్పులు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. ఆమె తీయలేదు.

సూడ్లీలో ప్రసంగించిన కవర్‌డేల్ మాత్రం ఈసారి సర్దుకోలేదు. 1559 డిసెంబరులో మాథ్యూ పార్కర్‌ను కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా అభిషేకించే సమయంలో తక్కినవాళ్లు శాస్త్రోక్తమైన బట్టల్లో వస్తే, ఆయన మామూలు ఉన్ని గౌనులో వచ్చి నిలబడ్డాడు. 1566లో పాదిరీలంతా తెల్ల అంగీ, నిర్ణయించిన టోపీ వేసుకోవాల్సిందేనని రాణి ప్రభుత్వం పట్టుబట్టినప్పుడు లండన్‌లో ముప్ఫై మందికి పైగా కాదన్నారు, వాళ్లను విధుల నుంచి తప్పించారు. డెబ్బై ఎనిమిదేళ్ల కవర్‌డేల్ లండన్ బ్రిడ్జి పక్కనున్న సెయింట్ మాగ్నస్ చర్చి పదవికి ఆ ఏడాదే రాజీనామా చేశాడు.